పెట్టిన తిండి ఒంటికి పట్టనప్పుడు: పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం, ఇన్‌ఫ్లమేషన్

ఆరు దేశాల్లో తొమ్మిది ఆసుపత్రులు. జబ్బు చేసి అక్కడ చేరిన 3,101 మంది పసిపిల్లలను ‘చెయిన్’ అనే పరిశోధక బృందం ఆరు నెలల పాటు గమనించింది. కెన్యా, ఉగాండా, మలావీ, బుర్కినా ఫాసో, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో సాగిన ఈ అధ్యయనంలో పిల్లలంతా రెండేళ్ల లోపు వాళ్లే. కొందరు బాగా చిక్కిపోయి వచ్చారు, కొందరు ఓ మోస్తరుగా, ఇంకొందరు బరువులో మామూలుగానే ఉన్నారు. మొత్తం 350 మంది చనిపోయారు. వాళ్లలో 168 మంది, అంటే దాదాపు సగం మంది, ఆసుపత్రి గడప దాటాకే పోయారు. 2022లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు చాలామందిని కలవరపెట్టింది ఈ రెండో అంకె.

పోషకాహార లోపం అంటే తిండి లేకపోవడమే అయితే, తిండి దొరికాక ప్రాణం నిలబడాలి. ఆసుపత్రిలో కొలిచి పట్టే చికిత్స పాలున్నాయి, యాంటీబయాటిక్స్ ఉన్నాయి, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చికిత్స ఆహారం ప్యాకెట్లున్నాయి. అయినా కొంతమంది పిల్లలకు అవేవీ ఒంటికి పట్టవు. ఎందుకు పట్టవో వెతుకుతూ పోయిన పరిశోధన గత పదిహేనేళ్లలో మళ్లీ మళ్లీ ఒకే చోట ఆగుతోంది. ఆ బిడ్డ శరీరంలో పైకి కనిపించకుండా సాగుతున్న ఇన్‌ఫ్లమేషన్ దగ్గర.

లెక్క కోసం ముందు నిర్వచనం చెప్పుకోవాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువున్నా, ఎత్తుకు తగ్గ బరువు ప్రమాణానికి మూడు మెట్ల (స్టాండర్డ్ డీవియేషన్ల) కిందికి పడిపోయినా, రెండు పాదాల్లోనూ నొక్కితే గుంట పడేలా నీరు చేరినా దాన్ని తీవ్ర పోషకాహార లోపం అంటారు. అంగన్‌వాడీ భాషలో ‘శామ్’ పిల్లలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 7.7 శాతం మంది ఎత్తుకు తగ్గ బరువు లేక తీవ్రంగా చిక్కిపోయి ఉన్నారు. తెలంగాణలో ఇది 8.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం. చిక్కిపోయిన ప్రతి బిడ్డలోనూ ఇన్‌ఫ్లమేషన్ ఒకే స్థాయిలో ఉండదు. ఆ తేడాయే ఇక్కడ అసలు విషయం.

రక్షణే భారమైతే

దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, సలపడం ఇన్‌ఫ్లమేషన్‌కు అందరికీ తెలిసిన రూపం. సూక్ష్మజీవి చొరబడిందనో కణజాలం దెబ్బతిన్నదనో రోగ నిరోధక కణాలు మోగించే అలారం అది. ఇదే ఒళ్లంతటా సన్నగా, రోజుల తరబడి సాగితే పైకి ఏమీ తెలియదు, రక్త పరీక్షలోనే బయటపడుతుంది. కరోనా రోజుల్లో సీఆర్‌పీ, ఐఎల్-6, ఫెరిటిన్ అనే పేర్లు ఇంటింటికీ చేరాయి. చిక్కిపోయిన పసిబిడ్డ రక్తంలో పరిశోధకులు కొలుస్తున్నదీ చాలావరకు వాటినే.

ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ వంటి రసాయన సంకేతాలను సైటోకైన్లు అంటారు. ఇవి చేసే మొదటి పని ఆకలిని చంపడం. మెదడులో ఆకలిని నడిపే హైపోథాలమస్ మీద ఇవి నేరుగా పనిచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రెండు రోజులు జ్వరమొస్తే అన్నం సయించకపోవడం ఇందుకే. అది నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. నెలల తరబడి ఇన్‌ఫ్లమేషన్‌లో ఉన్న బిడ్డకు అదే శాశ్వత స్థితి అవుతుంది. తల్లి గిన్నె పట్టుకుని వెంట తిరుగుతుంది, బిడ్డ నోరు తెరవడు. ఇంట్లో వాళ్లు మొండితనం అంటారు, పక్కింటి వాళ్లు దిష్టి అంటారు, కొన్నిచోట్ల సిబ్బంది కూడా తల్లికి తినిపించడం రాదన్నట్టు మాట్లాడతారు. ఆ తల్లి తప్పు ఏమీ లేకపోవచ్చు. శామ్ బిడ్డను చేర్చుకోవాలా, ఇంటి దగ్గరే చూడాలా అని తేల్చేటప్పుడు ఆకలి పరీక్ష పెట్టేది కూడా ఇందుకే. తినలేని బిడ్డ లోపల ఏదో తీవ్రంగా జరుగుతోందని దాని అర్థం.

రెండో పని కండను కరిగించడం. అలారం మోగగానే కాలేయం తన ఉత్పత్తి ప్రాధాన్యాలు మార్చుకుంటుంది. అల్బుమిన్ తయారీ తగ్గించి, సీఆర్‌పీ వంటి పోరాట ప్రోటీన్ల తయారీ పెంచుతుంది. వాటికి కావాల్సిన ముడిసరుకు కండరాల్లోంచి వస్తుంది. అప్పటికే జబ్బలు, పిరుదులు సన్నబడిన బిడ్డకు ఇది మోయలేని ఖర్చు. మూడోది ఎదుగుదలను ఆపడం. గ్రోత్ హార్మోన్ ఉన్నా కాలేయం దాని మాట వినదు, ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల హార్మోన్‌ను తయారు చేయదు. ఎముక పెరగాలంటే ఐజీఎఫ్-1 కావాలి. జింబాబ్వేలో పసిపిల్లల నుంచి సేకరించిన రక్త నమూనాలను ఆండ్రూ ప్రెండర్‌గాస్ట్ బృందం పరిశీలించి 2014లో ఒక సంగతి చెప్పింది. తర్వాతి కాలంలో గిడసబారిన పిల్లల్లో పుట్టిన కొద్ది వారాల నుంచే సన్నపాటి ఇన్‌ఫ్లమేషన్ ఉంది, సీఆర్‌పీ ఎక్కువున్న చోట ఐజీఎఫ్-1 తక్కువగా ఉంది.

ఇక ఇనుము. బాక్టీరియా పెరగాలంటే దానికి ఇనుము కావాలి. అందుకని ఇన్‌ఫ్లమేషన్ సమయంలో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను వదిలి, దొంగల భయం ఉన్న ఊళ్లో ధాన్యం కొట్లకు తాళాలు వేసినట్టు, ఇనుమును కణాల్లో దాచేస్తుంది. పేగు కూడా కొత్త ఇనుమును లోపలికి రానివ్వదు. రక్తహీనత కనిపిస్తుంది, ఐరన్ టానిక్ పోస్తారు, అది రక్తంలోకి చేరదు. పేగులోనే మిగిలిపోయి అక్కడి చెడ్డ బాక్టీరియాకు మేత అవుతుంది. తీవ్ర పోషకాహార లోపానికి చికిత్స మొదలైన తొలి రోజుల్లో ఐరన్ ఇవ్వొద్దని, ఆకలి తిరిగొచ్చి బరువు పెరగడం మొదలయ్యాకే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం వెనక ఈ కారణం కూడా ఉంది. మలేరియా ఎక్కువుండే టాంజానియాలోని పెంబా దీవిలో పిల్లలకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగాన్ని మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. ఇచ్చిన పిల్లల్లో తీవ్రంగా జబ్బుపడి ఆసుపత్రిలో చేరడం లేదా చనిపోవడం 12 శాతం ఎక్కువగా కనిపించిందని 2006లో ప్రచురించారు. మలేరియా పెద్దగా లేని ఊళ్లకు ఈ ఫలితాన్ని యథాతథంగా తెచ్చి పెట్టకూడదు. కానీ బిడ్డ ఏ స్థితిలో ఉన్నాడో చూడకుండా టానిక్ పోయడం మేలే చేస్తుందన్న ధీమాకు మాత్రం అది పెద్ద దెబ్బ.

ఇన్‌ఫ్లమేషన్ రక్త పరీక్షలను కూడా తారుమారు చేస్తుంది. ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ పెరిగి ఇనుము నిండుగా ఉన్నట్టు చూపిస్తుంది. విటమిన్ ‘ఏ’, జింక్ రక్తంలో తగ్గి, ఉన్నదానికన్నా ఎక్కువ లోపం ఉన్నట్టు చూపిస్తాయి. 2016-18లో జరిగిన దేశవ్యాప్త సమగ్ర పోషకాహార సర్వే పిల్లల రక్తంలో సీఆర్‌పీని కూడా కొలిచింది ఇందుకే. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతం మందికి రక్తహీనత ఉంటే, ఇనుము లోపం ఉన్నది 32 శాతం మందికి. రక్తహీనత అనగానే ఇనుము లోపం అనుకోవడం ఎంత అలవాటైపోయిందో ఈ రెండు అంకెల మధ్య ఖాళీ చెబుతుంది.

పేగులో మొదలయ్యే కథ

ఇంత ఇన్‌ఫ్లమేషన్ ఎక్కడి నుంచి వస్తోంది? నిమోనియా, క్షయ, హెచ్‌ఐవీ, తట్టు, విరేచనాలు లెక్కలో ఉన్నాయి. కానీ ఏ జబ్బూ బయటపడని పిల్లల్లోనూ అది కనిపిస్తోంది. అక్కడ అనుమానం పేగు మీదికి పోతుంది.

పేగు లోపలి గోడ మీద వేళ్లలా నిలబడి ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు ఉంటాయి. మలంతో కలుషితమైన నీళ్లు, నేల, చేతుల మధ్య పెరిగే పిల్లల్లో ఇవి పొట్టిబడతాయి. గోడలో కణాల మధ్య కుట్లు వదులవుతాయి. కడుపులో ఉండాల్సిన బాక్టీరియా, దాని ముక్కలు రక్తంలోకి కారతాయి. రక్తంలోకి చేరిన ప్రతి ముక్కా మళ్లీ అలారమే. విరేచనాలు లేకుండానే ఇదంతా సాగిపోతుంది కాబట్టి ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లరు.

ఇది పేదల పేగుకు పుట్టుకతో వచ్చిన లక్షణం కాదని చాలా ముందే తేలింది. 1960ల్లో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో పనిచేసిన అమెరికన్ పీస్ కోర్ వలంటీర్ల పేగుల్లోనూ ఇలాంటి మార్పులే కనిపించాయి. స్వదేశం వెళ్లాక అవి సర్దుకున్నాయి. తమిళనాడులో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో బేకర్, మథాన్ వంటి వైద్యులు దక్షిణ భారతంలో ఆరోగ్యంగా కనిపించే మనుషుల పేగులను కూడా అదే కాలంలో పరిశీలించారు. ఇక గాంబియాలో చేసిన పరిశీలన 1991లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అక్కడి పసిపిల్లల్లో ఎదుగుదల కుంటుపడటంలో 43 శాతం వరకు పేగు గోడ కారడంతో ముడిపడి ఉందని దాని సారాంశం. తినే తిండి ఎంత అన్న ప్రశ్న పక్కన, తిన్నది ఏమవుతోంది అన్న ప్రశ్న గట్టిగా నిలబడింది అప్పుడే.

మలావీలోని బ్లాంటైర్ నగరంలో పరిశోధకులు తీవ్ర పోషకాహార లోపంతో ఆసుపత్రిలో చేరిన పిల్లల మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్‌ను కొలిచారు. పేగులో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఇది పెరుగుతుంది. చాలామందిలో ఎక్కువగానే ఉంది. చివరికి చనిపోయిన పిల్లల్లో పేగు ఇన్‌ఫ్లమేషన్, ఒళ్లంతటి ఇన్‌ఫ్లమేషన్ రెండూ ఇంకా తీవ్రంగా ఉన్నాయి. 2016లో వచ్చిన ఈ అధ్యయనం చిన్నది, డెబ్బై తొమ్మిది మంది పిల్లలే. అయినా చూపించిన దారి స్పష్టం. పేగులో మొదలైనది రక్తంలోకి పాకి, అక్కడి నుంచి ప్రాణం మీదికి వస్తోంది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఈ పిల్లల రోగ నిరోధక శక్తి బలహీనం అని అందరూ అంటారు. బలహీనమైతే ఇంత ఇన్‌ఫ్లమేషన్ ఎలా? రెండూ ఒకేసారి నిజం. గురిచూసి కొట్టే దళాలు కుదించుకుపోతాయి. టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి చిక్కిపోతుంది, పేగు మీద కాపలా ఉండే యాంటీబాడీలు తగ్గుతాయి. గురి లేని అలారం మాత్రం మోగుతూనే ఉంటుంది. అంతటి అలారంలోనూ జ్వరం రాకపోవచ్చు. వేడి పుట్టించే శక్తి కూడా ఆ ఒంట్లో మిగలదు. ఒళ్లు చల్లగా ఉంది కాబట్టి ఇన్‌ఫెక్షన్ లేదనుకోవడం శామ్ వార్డులో జరిగే అతి ప్రమాదకరమైన పొరపాట్లలో ఒకటి. ఆసుపత్రిలో చేరాల్సినంత సీరియస్‌గా ఉన్న శామ్ బిడ్డకు లక్షణాలు కనిపించినా కనిపించకపోయినా యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాలన్న నియమం ఇలా వచ్చిందే.

కొవ్వుకు, రోగ నిరోధక శక్తికి మధ్య ఉన్న సంబంధం కూడా ఇక్కడే కనిపిస్తుంది. కొవ్వు కణాలు వదిలే లెప్టిన్ రోగ నిరోధక కణాలను నిలబెడుతుంది. ఉగాండా రాజధాని కంపాలాలో తీవ్ర పోషకాహార లోపంతో చేరిన పిల్లల హార్మోన్లను పరీక్షించిన బృందం 2014లో చెప్పిన మాట ఇది: చేరే సమయంలో లెప్టిన్ అతి తక్కువగా ఉండటమే మరణాన్ని గట్టిగా సూచించింది. బిడ్డ ఒంటి మీది కొవ్వు అందం కోసమో ముద్దు కోసమో కాదు, అది ఖజానా.

హైదరాబాద్ నుంచి ఒక పాత అభ్యంతరం

కాళ్లు, మొహం నీరు పట్టి, జుట్టు రంగు మారి, చర్మం పొరలు ఊడే క్వాషియార్కర్‌ను 1933లో నేటి ఘనా ప్రాంతంలో పనిచేస్తున్న డాక్టర్ సిసిలీ విలియమ్స్ వైద్య లోకానికి పరిచయం చేశారు. తల్లిపాలు మాన్పించి మొక్కజొన్న జావతో పెంచిన పిల్లల్లో ఆమె దాన్ని చూశారు. తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో ప్రోటీన్ లోపమే దీనికి కారణమన్న మాట స్థిరపడింది. మన స్కూల్ సైన్స్ పాఠం ఇప్పటికీ అదే చెబుతుంది: ప్రోటీన్ తగ్గితే క్వాషియార్కర్, ప్రోటీన్‌తో పాటు కేలరీలూ తగ్గితే, వాపు లేకుండా ఎముకల గూడులా చిక్కిపోయే మెరాస్మస్. పరీక్షలో రాయడానికి అనువుగా ఉంటుంది. వార్డులో మాత్రం కుదరదు.

కుదరదని గట్టిగా చెప్పినవాళ్లలో ముందు వరుసలో ఉన్నది హైదరాబాద్. జాతీయ పోషకాహార సంస్థను నడిపిన డాక్టర్ సి. గోపాలన్ 1968లో తన పరిశీలనలను ప్రచురించారు. ఒకే తరహా ఊళ్లలో, ఒకే తరహా తిండి తినే పిల్లల్లో కొందరికి మెరాస్మస్ వస్తోంది, కొందరికి క్వాషియార్కర్ వస్తోంది. వాళ్లు తిన్న ప్రోటీన్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తక్కువ తిండికి శరీరం ఏదోలా సర్దుకుంటే మెరాస్మస్, ఆ సర్దుబాటు తప్పితే క్వాషియార్కర్ అని ఆయన ప్రతిపాదించారు. సర్దుబాటు ఎందుకు తప్పుతుందన్నది అప్పట్లో తేలలేదు. ప్రోటీన్ బిస్కెట్ల మీద, చేపల పిండి మీద డబ్బు పోసిన ప్రపంచం ఆ మాట వినడానికి మరికొన్నేళ్లు పట్టింది.

జమైకాలో పనిచేసిన మైకేల్ గోల్డెన్ 1980లో ఇంకో దెబ్బ కొట్టారు. చికిత్సలో నీరు దిగిపోయే సమయానికి రక్తంలో అల్బుమిన్ ఇంకా పెరగనే లేదు, ఇస్తున్న ఆహారంలో ప్రోటీన్ కూడా తక్కువే. నేటికీ చికిత్స మొదటి దశలో ఇచ్చే ఎఫ్-75 పాలల్లో 100 మిల్లీలీటర్లకు ప్రోటీన్ 0.9 గ్రాములే. దానితోనే వాపు దిగుతుంది. శరీరంలో ఆక్సిజన్ సంబంధిత విష పదార్థాలను అణిచే శక్తి తగ్గడం, ఇన్‌ఫెక్షన్ల వల్ల ఆ విషాలు పెరగడం దీనికి మూలమని గోల్డెన్ వాదించారు. బాగా అతికే వాదన. కానీ మలావీలో రెండు వేల మందికి పైగా పిల్లలకు విటమిన్ ‘ఇ’, సెలీనియం వంటి యాంటీ ఆక్సిడెంట్లు ముందుగానే ఇచ్చి చూస్తే క్వాషియార్కర్ ఆగలేదని 2005లో తేలింది. సిద్ధాంతం అందంగా ఉన్నంత మాత్రాన మందు పనిచేయదని ఈ రంగంలో పదేపదే రుజువవుతూనే ఉంది.

ఆ మలావీలోనే కవల పిల్లల అధ్యయనం జరిగింది. 317 జతల కవలలను మూడేళ్ల వయసు దాకా గమనించారు. 43 శాతం జతల్లో ఒకరు పోషకాహార లోపంలో పడ్డారు, రెండోవారు పడలేదు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే కుండలోని జావ. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లోనూ ఈ తేడా తగ్గలేదు. క్వాషియార్కర్ వచ్చిన బిడ్డ పేగు బాక్టీరియాను, సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో ప్రవేశపెట్టి మలావీ తిండి పెడితే అవి చిక్కిపోయాయి. తోడబుట్టిన ఆరోగ్యవంతుడి బాక్టీరియాను అందుకున్న ఎలుకలు అంతగా చిక్కలేదు. 2013లో వచ్చిన ఈ ఫలితం గోపాలన్ వదిలిన ప్రశ్నకు పూర్తి జవాబు కాకపోయినా, జవాబు ఎటు ఉందో చూపింది.

మందుతో అణచవచ్చా?

ఇన్‌ఫ్లమేషన్ ఇంత చేటు చేస్తుంటే దాన్ని అణిచే మందు వేస్తే సరిపోదా అనిపిస్తుంది. కొందరు జాగ్రత్తగా ప్రయత్నించారు. కెన్యాలో పేగు జబ్బులకు వాడే మెసలజీన్‌ను 44 మంది పిల్లల మీద పరీక్షించి 2014లో ప్రచురించారు. ప్రమాదం కనిపించలేదు, ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు కొద్దిగా తగ్గాయి, అంతే. జాంబియా, జింబాబ్వేలలో 125 మంది పిల్లల మీద నాలుగు రకాల చికిత్సలను పోల్చి చూసిన ప్రయోగం 2024లో వచ్చింది. వాటిలో పేగులోనే పనిచేసే స్టెరాయిడ్ బుడెసొనైడ్ ఉంది, ఆవు జున్నుపాల నుంచి తీసిన పదార్థమూ ఉంది. కొన్నిటితో పేగు దెబ్బకు సంబంధించిన కొన్ని గుర్తులు మెరుగయ్యాయి. ప్రాణాలు నిలుస్తాయా అన్నది తేల్చేంత పెద్ద ప్రయోగం కాదది. ఇంత బలహీనమైన ఒంట్లో అలారాన్ని పూర్తిగా ఆపేస్తే, నిజంగా దొంగ వచ్చినప్పుడు ఎవరూ లేవరు. అందుకే ఈ మందులేవీ ఇంకా పరిశోధన గది దాటలేదు. ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని వీటిని ఆశ్రయించే పని అసలే కాదు.

యాంటీబయాటిక్స్ సంగతీ ఊరును బట్టి మారింది. ఇంటి దగ్గరే చికిత్స పొందుతున్న 2,767 మంది మలావీ పిల్లల్లో ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 7.4 శాతం, అమోక్సిసిలిన్ తీసుకున్నవాళ్లలో 4.8 శాతం చనిపోయారు. నైజర్‌లో 2016లో వచ్చిన ఇలాంటి ప్రయోగంలో మాత్రం కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆసుపత్రి నుంచి వెళ్లాక కూడా ఆరు నెలల పాటు రోజూ కోట్రైమాక్సజోల్ ఇస్తే మరణాలు తగ్గుతాయేమోనని కెన్యాలో 1,778 మంది పిల్లల మీద చూశారు, తగ్గలేదు. ప్రోబయాటిక్స్ కలిపిన చికిత్స ఆహారం కూడా మలావీలో ఆశించిన ఫలితం ఇవ్వలేదు.

ఇన్ని వైఫల్యాల మధ్య కాస్త వెలుగున్న దారి ఢాకా నుంచి వచ్చింది. అక్కడి ఐసీడీడీఆర్,బి అనే ఆరోగ్య పరిశోధన సంస్థకు చెందిన తహ్మీద్ అహ్మద్, అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ గోర్డన్ కలిసి ఒక ఆహారాన్ని తయారు చేశారు. బిడ్డతో పాటు బిడ్డ పేగులోని మంచి బాక్టీరియాను కూడా పెంచడం వాళ్ల లక్ష్యం. అందులో ప్రధానంగా ఉన్నవి శనగలు, సోయా పిండి, వేరుశనగ, పచ్చి అరటికాయ. మీర్‌పూర్ మురికివాడలో ఓ మోస్తరు పోషకాహార లోపం ఉన్న 123 మంది పిల్లలకు మూడు నెలలు ఇచ్చి చూశారు. మామూలు సప్లిమెంట్ కన్నా దీనిలో కేలరీలు తక్కువే. అయినా బరువు పెరిగే వేగం దీనితోనే ఎక్కువగా ఉంది, 2021లో ఆ ఫలితం వచ్చింది. సరుకులన్నీ మన వంటింట్లో ఉన్నవే కదా అని ఇంట్లో రుబ్బి శామ్ బిడ్డకు పెడితే మాత్రం లాభం లేదు. పాళ్లు, నూనె, విటమిన్లు, ఖనిజాలు కొలత ప్రకారం కలిపిన ఆహారం అది, పైగా చూసింది తీవ్ర స్థితిలో లేని పిల్లల మీద.

నీళ్లు, మరుగుదొడ్లు బాగుచేస్తే పేగు బాగుపడుతుందన్న ఆశ ఇంకా పెద్దది. దానికి పెద్ద దెబ్బే తగిలింది. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో వేల కుటుంబాలతో చేసిన ప్రయోగాల్లో మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే ఏర్పాట్లు, క్లోరిన్ ఇచ్చినా పిల్లల ఎత్తు పెరగలేదు. ఒడిశాలో పూరీ జిల్లా గ్రామాల్లో మరుగుదొడ్లు కట్టించిన ప్రయోగంలో విరేచనాలు కూడా తగ్గలేదు. దీన్నిబట్టి పారిశుధ్యం అనవసరం అనేవాళ్లు తొందరపడుతున్నారు. కొందరి ఇళ్లలో మరుగుదొడ్డి కట్టి, మిగతా ఊరంతా, వాకిట్లో తిరిగే కోళ్లతో సహా, అలాగే ఉంటే పాకే బిడ్డ నోట్లోకి వెళ్లే మురికి ఎంత తగ్గుతుంది? అరకొర మెరుగు పేగు వరకు చేరలేదన్నదే ఈ ప్రయోగాల నుంచి తీసుకోవాల్సిన సరైన అర్థం. పైపు నీళ్లు, మురుగు కాల్వలు పూర్తిగా ఉన్న ఊళ్లో పిల్లల పేగులు ఎలా ఉంటాయో ఇవి పరీక్షించలేదు.

ఇక్కడి లెక్కల్లో ఏం కనిపించదు

తెలుగు రాష్ట్రాల్లో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా బాలామృతం అందుతోంది. ఆరోగ్య సమస్యలున్న శామ్ పిల్లలకు ఎన్‌ఆర్‌సీలు, అంటే పోషకాహార పునరావాస కేంద్రాలు ఉన్నాయి. ఈ ఏర్పాట్లు అవసరం, వాటిని తక్కువ చేయాల్సిన పని లేదు. కానీ అంతా బరువు చుట్టూ తిరుగుతుంది. ఎన్ని ప్యాకెట్లు ఇచ్చారు, ఎన్ని గ్రాములు పెరిగారు, 15 శాతం పెరుగుదల వచ్చిందా లేదా. బరువు పెరిగిన బిడ్డ రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ తగ్గిందా అన్న గడి ఏ రిజిస్టర్‌లోనూ లేదు. కెన్యా బృందాల పరిశీలనలో, ఇంటికి వెళ్లే నాటికి ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉన్న పిల్లలు తర్వాతి రెండు నెలల్లో తక్కువగా ఎదిగారు. సీఆర్‌పీ పరీక్ష ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోని ప్రైవేటు ల్యాబుల్లో కూడా మామూలుగా చేసేదే. దాని ఒక్కదాని మీదే డిశ్చార్జ్ తేల్చాలనడానికి ఇంకా ఆధారం లేదు. కానీ మొండిగా బరువు పెరగని బిడ్డలో తల్లిని ప్రశ్నించే ముందు క్షయ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చెవి కారడం, హెచ్‌ఐవీ కోసం మళ్లీ వెతకాలి అని గుర్తు చేయడానికి అది పనికొస్తుంది.

అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఇవ్వాలన్న కార్యక్రమం నడుస్తోంది. శామ్ బిడ్డ విషయంలో ఆ సిరప్ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్‌నే అడగాలి. జ్వరం లేకపోయినా మందకొడిగా, చల్లగా, తినకుండా ఉన్న బిడ్డను మర్నాటి దాకా ఆపకూడదు. ఈ రెండు మాటలకూ ఖర్చేమీ లేదు.

ఖర్చుండేది డిశ్చార్జ్ తర్వాతి నెలల్లో. చెయిన్ అధ్యయనం మరణాలను విడమరిచి చూసినప్పుడు బిడ్డ బరువు, జబ్బు తీవ్రతతో పాటు ఇంకో వరుస బయటపడింది: తల్లి ఆరోగ్యం, ఆమె మానసిక స్థితి, ఇంటి ఆదాయం, ఆసుపత్రికి చేరగల దూరం. ఏజెన్సీ గూడెం నుంచి ఎన్‌ఆర్‌సీకి వచ్చిన తల్లి రెండు వారాలు కూలి పోగొట్టుకుని ఉంటుంది, ఇంటి దగ్గర ఇంకో బిడ్డను వదిలేసి వచ్చి ఉంటుంది. తిరిగి చూపించడానికి రావాలంటే మళ్లీ ఆటో, మళ్లీ బస్సు, మళ్లీ ఒక రోజు కూలి. ఆమె రాకపోతే రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా ‘గైర్హాజరు’ అని పడుతుంది. ఆరు దేశాల లెక్కలో ఆ సగం మరణాలు జరిగింది ఆ ‘గైర్హాజరు’ నెలల్లోనే. మన రాష్ట్రాల్లో ఆ నెలలను గమనించే బాధ్యత ప్రధానంగా ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల మీదే ఉంది. వాళ్ల చేతిలో ఉన్నది తూకం, జబ్బ కొలిచే టేపు.